సెకండ్ హ్యాండ్ 135 ఎం.ఎం. ఎఫ్/2 లెన్సు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నేను వెనక్కి ఇచ్చేసిన లెన్సు నిన్న రాత్రి మళ్ళీ అమ్మకానికి కనిపించింది. కెనాన్ ఈఎఫ్ 135 ఎం.ఎం. ఎఫ్/2 ఎల్, కాస్త దూరం నుంచి ముఖాలు తీసే లెన్సు. అదే హుడ్డు (లెన్సు ముందు తగిలించే గొట్టం), హుడ్డు అంచున అదే గీత. ఫోటోల కింద "మింట్ కండిషన్, నో ఫంగస్, నో హేజ్" అని, అంటే కొత్తదానిలా ఉంది, బూజు లేదు, గాజు మీద పొర లేదు అని రాసి ఉంది. ఆ లెన్సు లోపల ఏముందో నాకు తెలుసు కాబట్టి ఆ మాటలు చూశాక నిద్ర పట్టలేదు. మనలో ఎవరో ఒకరు, పెళ్ళిళ్ళ సీజన్ ముందు అప్పు చేసి మరీ దాన్ని కొంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. షాపు పేరు రాయడం లేదు. అడగొద్దు, చెప్పను. ఇలాంటి లెన్సు ఏ షాపులోనైనా మీ చేతికి రావచ్చు.

నేను కాకినాడలో పదకొండేళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీస్తున్నాను. నా కెమెరా బాడీ కెనాన్ 6డి, లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్. ఇన్నాళ్ళూ 85 ఎం.ఎం. ఎఫ్/1.8తోనే పోర్ట్రెయిట్లు నడిపించాను. 135 మీద ఆశ చాలాకాలంగా ఉంది. 1996లో వచ్చిన లెన్సే అయినా, ముఖాల విషయంలో అది ఇచ్చే ఫోటో ఈనాటికీ తీసిపారేసేది కాదు. స్టేజీ వెనక ఉండే సీరియల్ బల్బులన్నీ గుండ్రంగా కరిగిపోతాయి, పెళ్ళికూతురు ముఖం ఒక్కటే నిలబడుతుంది. పైగా ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది, కాబట్టి ఎఫ్/2.8 జూమ్ కంటే రెట్టింపు వెలుతురు లోపలికి వస్తుంది. జూమ్‌తో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 6400 పెట్టాల్సిన చోట దీనితో 3200 సరిపోతుంది. రాత్రి ముహూర్తాలకు ఆ తేడా ఎంతో మనకు తెలుసు.

హైదరాబాద్‌లో ఒక షాపులో 38 వేలకు ఉందని తెలిసి వెళ్ళాను. కౌంటర్ దగ్గర కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "అన్నా, ఒకే ఓనర్, ఐదారేళ్ళది, ఇంట్లో ఫోటోలకే వాడారు" అన్నాడు. వాళ్ళ దగ్గరున్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీకి అడాప్టర్‌తో తగిలించి నాకు చూపించాడు. షాపు గుమ్మం దగ్గర నిలబడ్డ ఒకాయనను మధ్యలో పెట్టి నాలుగు ఫోటోలు తీశాను. కళ్ళలో రెప్పవెంట్రుకలు లెక్కపెట్టేలా వచ్చాయి. లెన్సును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూశాను, అద్దం శుభ్రంగా ఉంది. ఫోన్‌పేలో డబ్బు కొట్టేశాను. బిల్లు అడిగితే "సెకండ్స్‌కి బిల్లు ఉండదన్నా, వారం రోజులు చెకింగ్ వారంటీ మా మాటే" అన్నాడు. ఆ మాట నమ్మి బస్సెక్కాను. నా 6డి ఆ రోజు ఇంట్లోనే ఉంది. జరిగిన నష్టానికి అదే మొదలు.

మూడో రోజే పెళ్ళి. తెర తీసే సమయానికి నేను రెండు మీటర్ల దూరంలో, కాస్త పక్కగా ఉన్నాను. పెళ్ళికూతురి ఎడమ కంటి మీద ఫోకస్ పాయింటు పెట్టి, ఎఫ్/2లో, సెకనులో 250వ వంతు దగ్గర వరసగా తీశాను. ఈ లెన్సులో చేతి వణుకును ఆపే ఐఎస్ లేదు, అంతకంటే షట్టర్ తగ్గించలేం. కెమెరా వెనక తెర మీద చిన్నగా అన్నీ బాగానే కనిపించాయి. తెల్లవారుజామున కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే నా కాళ్ళు చల్లబడ్డాయి. ముక్కుపుడకలో ఎర్ర రాయి అంచులతో సహా తళతళలాడుతోంది. దాని మీద పడ్డ అక్షింత గింజ కూడా స్పష్టంగా ఉంది. కళ్ళు మాత్రం మసక. ఒక ఫోటో కాదు, జీలకర్ర బెల్లం పెట్టినప్పటివి ముప్పైకి పైగా అన్నీ అంతే. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగిన క్షణం మళ్ళీ తీసుకుందామంటే కుదిరేది కాదు.

ఇలా ఎందుకైందో అర్థం కావాలంటే ఒక లెక్క తెలియాలి. ఫుల్ ఫ్రేమ్ (నా 6డిలాంటి పెద్ద సెన్సర్) మీద 135 ఎం.ఎం., ఎఫ్/2లో, రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ముక్కు కొసకూ కంటికీ మధ్య దూరమే ఇంచుమించు అంత. ఫోకస్ కొద్దిగా ముందుకు పడితే చాలు, కన్ను పోతుంది. షాపులో ఎందుకు తెలియలేదంటే, మిర్రర్‌లెస్ కెమెరా ఫోటో తీసే సెన్సర్ మీదే ఫోకస్ చూసుకుంటుంది. అక్కడ ఫోకస్ కుదిరిందంటే ఫోటోలోనూ కుదిరినట్టే. డీఎస్ఎల్ఆర్‌లో అలా కాదు. కెమెరా లోపలి అద్దం కింద వేరే ఫోకస్ సెన్సర్ ఉంటుంది. లెన్సుకూ దానికీ లెక్క తప్పితే వ్యూఫైండర్లో కుదిరినట్టు కనిపించినది ఫోటోలో కుదరదు. అంటే వాళ్ళ కెమెరా మీద చేసిన పరీక్ష నా కెమెరాకు ఎందుకూ పనికిరాలేదు.

సరే, 6డిలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఆటోఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపే సెట్టింగు) ఉంది కదా, సరిచేసుకుందాం అనుకున్నాను. ఇంట్లో గోడకు దినపత్రిక అంటించి, కెమెరాను స్టాండు మీద పెట్టి కూర్చున్నాను. ప్లస్ 17 దగ్గర మధ్యలో అక్షరాలు పదునెక్కాయి. అమ్మయ్య అనుకునేలోపే ఇంకోటి బయటపడింది. పేజీకి కుడివైపు చిన్న అక్షరాలు కూడా చదవగలుగుతున్నాను, ఎడమవైపు హెడ్డింగులు తప్ప ఏదీ తెలియడం లేదు. లైవ్ వ్యూలో, అంటే వ్యూఫైండర్ వదిలి వెనక తెర మీద చూస్తూ, చేత్తో ఫోకస్ చేసి తీసినా అంతే. లైవ్ వ్యూలో బాగుండి, వ్యూఫైండర్లో మాత్రమే తప్పుతుంటే అది సర్దుకోగలిగే లోపం. రెండింట్లోనూ ఒకే పక్క మసకగా ఉంటే లోపల గాజు ఎక్కడో ఒరిగిందని అర్థం. దానికి ఏ సెట్టింగూ లేదు.

అప్పుడు లెన్సు వెనక్కి తిప్పి, మొదటిసారి నిదానంగా చూశాను. మౌంటు (కెమెరాకు బిగించే చోటు) మీది స్క్రూల్లో రెండింటి తలలు అరిగిపోయి ఉన్నాయి. ప్లస్ ఆకారపు గాడి అంచులు చెదిరి, కొత్త లోహంలా మెరుస్తున్నాయి. సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఎవరో బలంగా తిప్పిన గుర్తులవి. అక్కడే చిన్న అక్షరాల్లో డేట్ కోడ్ ఉంది, యూటీతో మొదలవుతోంది. పాత కెనాన్ లెన్సుల్లో మొదటి అక్షరం ఫ్యాక్టరీది, రెండోది సంవత్సరానిది. యూ అంటే జపాన్‌లోని ఉత్సునోమియా, టీ అంటే 2005. ఐదారేళ్ళదని చెప్పింది అక్షరాలా అబద్ధం.

చీకటి గదిలో ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూశాను. లోపలి అద్దం మీద, చలికాలంలో నోటితో ఊదినట్టు, పాలరంగు పొర. ఒక మూల సాలెగూడు పోగుల్లాంటి సన్నని గీతలు, ఎవరో తుడిచినా పోని ఫంగస్ మచ్చలు. ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూస్తే ఇవి కనబడవు. వెలుతురు నేరుగా కంట్లోకి వస్తుంది కాబట్టి పొర అందులో కలిసిపోతుంది. వెనక నలుపు ఉండి, వెలుతురు పక్క నుంచి పడితేనే పొర తెల్లగా లేస్తుంది. స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ ఉన్న ఫోటోలన్నీ ఎందుకు వెలిసిపోయినట్టు వచ్చాయో అప్పుడు తెలిసింది. నేను వీడియో వాళ్ళ లైటును అనుమానించాను, పాపం.

సర్వీస్ సెంటర్ వాళ్ళు చూసి, ఇదివరకే బయట విప్పారని, ఫంగస్ తుడిచి తిరిగి బిగించేటప్పుడు గాజు సరిగ్గా కూర్చోలేదని చెప్పారు. పూర్తిగా బాగవుతుందని హామీ ఇవ్వలేమన్నారు. షాపుకు ఫోన్ చేస్తే ఆ మర్యాద మాటలన్నీ మారిపోయాయి. "మీరే పడేసి ఉంటారు" అన్నారు. లెన్సు సీరియల్ నంబరుతో కాగితం ఏదీ నా దగ్గర లేదు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ తప్ప. వాదించి వాదించి చివరికి 21 వేలకు వెనక్కి తీసుకున్నారు. లోపాలు కొత్తగా కొనేవాళ్ళకు చెప్పండి అని మెసేజ్ కూడా పెట్టాను. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. నిన్నటి ప్రకటనలో అందులో ఒక్క లోపం కూడా లేదు.

పెళ్ళివాళ్ళకు నిజం చెప్పాను. అమ్మాయి వాళ్ళ నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన అరిచి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆల్బమ్ డబ్బులు తీసుకోలేదు. అయినా ఆ పేజీ ఖాళీయే కదా.

ఇప్పుడు మీకు చెప్పేది. ఏ లెన్సైనా సరే, మీ సొంత బాడీ, మీ మెమరీ కార్డు తీసుకెళ్ళండి. వాళ్ళ కెమెరా మీద ఎంత బాగా వచ్చినా లెక్కలోకి తీసుకోకండి. ఎఫ్/4లో తీసి చూపిస్తే ఒప్పుకోవద్దు, ఆ లెన్సుకు డబ్బిచ్చేదే ఎఫ్/2 కోసం. మధ్యలో మనిషిని పెట్టి తీసే ఫోటోలో మూలల సంగతి తెలియదు. చదునైన గోడ ముందు కెమెరా సమాంతరంగా పట్టుకుని తీసి, నాలుగు మూలలూ ఒకదానితో ఒకటి పోల్చండి. షాపులో కంప్యూటర్ లేకపోతే కార్డు ఇంటికి తీసుకెళ్ళి చూసి రేపు వస్తానని చెప్పండి. "ఇంకో పార్టీ వస్తున్నాడు, ఇప్పుడే తేల్చండి" అని తొందరపెడితే లేచి వచ్చేయండి. నన్నూ అలాగే తొందరపెట్టారు. టార్చి పరీక్షకు లైట్లు ఆపమని అడగడానికి మొహమాటపడకండి. మన కోస్తా గాలికి బీరువాలో పెట్టిన లెన్సుకు బూజు పట్టడం మామూలే, కాబట్టి ఎవరి ఇంట్లో వాడిందైనా చూసుకోవాల్సిందే.

కాగితం విషయంలో అస్సలు రాజీపడొద్దు. సీరియల్ నంబరు, తేదీ, ఎన్ని రోజుల చెకింగ్ వారంటీ, ఈ మూడూ బిల్లు మీద ఉండాలి. బిల్లు ఇవ్వనన్న షాపులో వెయ్యి తక్కువకు వస్తోందని కొనకండి. బిల్లు చేతిలో ఉంటే మోసం చేసిన వ్యాపారి మీద 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఐదు లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు కూడా లేదు, రెండేళ్ళ వరకు గడువు ఉంటుంది. వ్యాపారం చేయని మామూలు మనిషి దగ్గర కొంటే ఆ దారి ఉండదని గుర్తుంచుకోండి.

ఇంకొకటి, ఇది మోసం సంగతి కాదు. 135 మీకు నిజంగా అవసరమా అని ముందు మీ హాళ్ళు చూసుకోండి. కెమెరాను నిలువుగా పట్టుకుని ఒక మనిషిని తల నుంచి పాదాల దాకా తీయాలంటే ఫుల్ ఫ్రేమ్ మీద దీనికి సుమారు ఏడు మీటర్ల దూరం కావాలి. 85కి నాలుగున్నర చాలు. చిన్న హాల్లో ఏడు మీటర్లు వెనక్కి వెళితే మీకూ పెళ్ళికూతురికీ మధ్య పదిమంది బంధువులు ఫోన్లు ఎత్తి నిలబడతారు. కెనాన్ క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా) ఉన్న తమ్ముళ్ళకైతే ఇది 216 ఎం.ఎం. లాగా పనిచేస్తుంది, మండపం దగ్గర ఊపిరాడదు. మీకు 85 ఎఫ్/1.8 చాలా మంచి లెన్సు, దాదాపు అదే 135 చూపు ఇస్తుంది. తక్కువ ధర చూసి సామ్‌యాంగ్ 135 ఎఫ్/2 కొనేవాళ్ళు కూడా చూసుకోండి. 2015లో వచ్చిన ఆ లెన్సులో ఆటోఫోకస్ లేదు, తలంబ్రాల వేగానికి చేత్తో తిప్పి పట్టుకోవడం చాలా కష్టం. నికాన్ వాళ్ళు పాత 135 ఎఫ్/2 డీసీ చూస్తుంటే, బాడీలో ఫోకస్ మోటారు ఉందో లేదో తెలుసుకోండి. డీ3000, డీ5000 వరుస బాడీల మీద అది ఆటోఫోకస్ చేయదు.

ఇక ఆ లెన్సు గుర్తులు. హుడ్డు అంచున అర అంగుళం తెల్ల గీత, కెనాన్ అనే అక్షరాలకు ఎదురువైపున. మౌంటు మీద పక్కపక్కనే ఉన్న రెండు స్క్రూల తలలు అరిగి మెరుస్తుంటాయి. డేట్ కోడ్ యూటీతో మొదలవుతుంది. ఫోకస్ రింగు రబ్బరు మీద ఒకచోట జిగురు మరక. ఇవి కనిపిస్తే, వాళ్ళు ఎంత తగ్గించినా సరే, చేతిలోంచి కింద పెట్టి బయటికి వచ్చేయండి. ఇప్పటికే కొని ఉంటే ఈ రాత్రికే గోడకు పేపరు అంటించి ఎడమవైపు చూడండి, చెకింగ్ వారం దాటకముందే.