గిట్ వర్క్‌ట్రీతో మూడేళ్లు: చిన్న ఫిక్సుల రివ్యూకి పనికొచ్చిందా?

పగలు ఋషికొండలో ఆఫీసు, రాత్రి ఎంవీపీ కాలనీలో ఇంటికొచ్చాక ఓ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. అక్కడ నా వంతుకి పడేవి చిన్న ఫిక్సుల (కోడ్‌లో తప్పుల దిద్దుబాట్ల) రివ్యూలే: మూడు లైన్లు, అయిదు లైన్లు. మూడేళ్ల కిందటి దాకా వాటిని బ్రౌజర్లో ఓసారి పైనుంచి కిందకి చూసి ఓకే కొట్టేసేవాణ్ణి. బ్రాంచి (ఆ మార్పులున్న కోడ్ ప్రతి) దించుకుని నడిపి చూడాలంటే చేతిలో ఉన్న సగం పని స్టాష్ చెయ్యాలి, అంటే పక్కన దాచాలి; తిరిగి తీసేటప్పుడు మార్పులు ఒకదానికొకటి అడ్డుపడి కాన్‌ఫ్లిక్టులు. ఎవడు పడతాడు ఆ బాధ?

వర్క్‌ట్రీ వచ్చాక ఆ సాకు పోయింది. గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్; వర్క్‌ట్రీ 2015లో దాని 2.5 వెర్షన్‌తో వచ్చిన కమాండే గానీ నా దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఒకే రిపోకి (ప్రాజెక్టు కోడూ దాని చరిత్రా ఉండే చోటుకి) పక్కన ఇంకో ఫోల్డరు తెరిచి అందులో వేరే బ్రాంచి పెడుతుంది. మళ్లీ క్లోన్ (మొత్తం కాపీ) అక్కర్లేదు, చరిత్రంతా పాత ఫోల్డరుదే వాడుకుంటుంది. నా పని ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈమధ్య వచ్చిన ఓ ఫిక్సు చెప్తాను. ఊళ్ల పేర్లు పొడవైతే కత్తిరించే ఫంక్షన్ ఒకటుంది, జావాస్క్రిప్ట్‌లో ముక్క కోసే స్లైస్‌తో రాసింది. పరిమితి 8 పెడితే మన ఊరు ‘విశాఖపట్’ అయిపోతోంది. మనకి విశాఖపట్నం 5 అక్షరాలు; కంప్యూటర్లో లిపులకి నంబర్లిచ్చే యూనికోడ్‌కి 10 కోడ్ పాయింట్లు, స్లైస్ లెక్కపెట్టేది వాటినే. గుడి, దీర్ఘం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే. తమాషా ఏంటంటే ఇదివరకు పరిమితి 5 ఉండేది, సరిగ్గా ‘విశాఖ’ దగ్గర తెగేది. ఎవరో ఆలోచించే పెట్టారనుకున్నాం!

ఫిక్సు రాసింది గాజువాక కుర్రాడు. స్లైస్ తీసేసి, మనకి కనబడే అక్షరాల లెక్కన విడగొట్టే Intl.Segmenter పెట్టాడు. టెస్టు కూడా రాశాడు: 5 అక్షరాలకి కత్తిరించినా పేరు పూర్తిగా రావాలి. వర్క్‌ట్రీలో ముందు ఫిక్సు చేసిన ఫైలు ఒక్కదాన్నే పాత రూపంలో పెట్టి టెస్టు నడిపాను. ‘విశాఖ’ వచ్చింది, ఫెయిల్. అవ్వాలి కూడా, ఫిక్సు లేకపోయినా పాసయ్యే టెస్టు ఎందుకు? తర్వాత ఫిక్సు పెట్టి నడిపాను. మళ్లీ ఫెయిల్, ఈసారి ‘విశాఖపట్’.

“ఏటన్నా, నా దగ్గర పాసవుతోంది కదా” అన్నాడు ఫోన్లో. అబద్ధం కాదు. ‘ట్న’ లాంటి సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకటిగా లెక్కపెట్టే నియమం యూనికోడ్‌లో 2023లో, 15.1 వెర్షన్‌తో చేరింది. అతని నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రాము) కొత్తది, నాది పాతది. నా దాంట్లో ‘ట్’ వేరు, ‘నం’ వేరు. డిఫ్‌ని (మారిన లైన్ల జాబితాని) రోజంతా చూస్తూ కూర్చున్నా ఇది దొరికేది కాదు. ప్యాకేజీ ఫైల్లో కనీస నోడ్ వెర్షన్ రాయమన్నాను. రాశాడు, ప్రాజెక్టులో మెర్జ్ చేశాను (కలిపేశాను).

ఇక చిరాకులు. కొత్త ఫోల్డర్లోకి గిట్ ట్రాక్ చేసే ఫైళ్లే వస్తాయి. నోడ్ మాడ్యూల్స్ (ప్రాజెక్టు వాడుకునే ప్యాకేజీలు) మళ్లీ ఇన్‌స్టాల్, ఎన్వ్ ఫైలు (సెట్టింగులుండే ఫైలు) మళ్లీ కాపీ. మూడు లైన్ల ఫిక్సుకి ఇన్‌స్టాల్ అయ్యేలోపు కిందకెళ్లి టీ తాగి రావచ్చు. ఒకే బ్రాంచిని రెండు ఫోల్డర్లలో తెరవబోతే ఒప్పుకోదు. ఫోల్డర్ని చేత్తో డిలీట్ చేస్తే జాబితాలో పేరు ఉండిపోతుంది, దాన్ని తుడిచే ప్రూన్ కమాండు కొట్టాలి.

డాక్యుమెంటేషన్లో అచ్చుతప్పు దిద్దితే బ్రౌజరే చాలు. నడిచే కోడ్ ఒక్క లైను మారినా మాత్రం వర్క్‌ట్రీ తెరుస్తాను. ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు పదకొండు ఉన్నాయి, అందులో నాలుగు ఎందుకు తెరిచానో గుర్తులేదు.