అమెరికా విశ్వవిద్యాలయంలో పెద్దల తరగతులు: కొన్నేళ్ళు చదివిన తరువాత నా సమీక్ష

ఉద్యోగ విరమణ తరువాత పిల్లల దగ్గరకు వచ్చి అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు ఎవరు కలిసినా నేను చెప్పే మాట ఒకటుంది. మీ ఇంటికి దగ్గరలోని విశ్వవిద్యాలయంలో యాభై ఏళ్ళు దాటినవారి కోసం తరగతులు నడుపుతున్నారేమో కనుక్కోండి, నడుపుతుంటే చేరండి. తూర్పు తీరంలోని ఒక విశ్వవిద్యాలయానికి చెందిన అటువంటి సంస్థలో నేను కొన్నేళ్ళుగా సభ్యురాలిని. తూర్పు గోదావరి జిల్లా ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఏ తరగతిలో కూర్చున్నా పాఠం ఎలా చెబుతున్నారన్న దాని మీదే నా దృష్టి ముందు పడుతుంది. ఈ సమీక్షనూ ఆ దృష్టితోనే రాస్తున్నాను.

నేను చదువుతున్నది ఓషర్ లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఇన్‌స్టిట్యూట్లలో ఒకటి. సభ్యులు పొట్టిగా ‘ఆలీ’ అంటారు. శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారవేత్త బెర్నార్డ్ ఓషర్ 1977లో నెలకొల్పిన ధర్మనిధి, 2001లో ఆయన పుట్టిన మెయిన్ రాష్ట్రంలోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ మెయిన్‌కు విరాళమిచ్చి ఈ వరుసకు శ్రీకారం చుట్టింది. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ, వాషింగ్టన్ డీసీలోనూ కలిపి ఇటువంటివి సుమారు 125 ఉన్నాయి. అయితే ఈ ఆలోచన ఓషర్‌కు చాలా ముందుదే. న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో 1962లోనే విశ్రాంత ఉపాధ్యాయులు కూడి తమకు తామే తరగతులు పెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో 1973లో తులూజ్ విశ్వవిద్యాలయం వృద్ధుల కోసం ప్రత్యేక చదువు మొదలుపెట్టింది. 1982లో అది బ్రిటన్‌కు చేరేసరికి, ఆచార్యులు వచ్చి బోధించే పద్ధతి పోయి, సభ్యులే ఒకరికొకరు పాఠం చెప్పుకునే పద్ధతిగా మారింది. అమెరికా తరగతుల్లో ఈ రెండు పద్ధతులూ కలిసి ఉంటాయి. ఒక గదిలో పదవీ విరమణ చేసిన ఆచార్యుడు ఉపన్యసిస్తుంటే, పక్క గదిలో ఒకప్పటి నర్సు తనకు ఇష్టమైన విషయాన్ని తోటివారితో చర్చిస్తూ ఉంటుంది. ఈ తరగతుల బలమూ బలహీనతా రెండూ ఇక్కడి నుంచే పుడతాయి.

పరీక్షలు లేవు, మార్కులు లేవు, చివర పట్టా లేదు. మా దగ్గర ఒక్కో తరగతి వారానికి ఒకసారి, గంటన్నర చొప్పున, నాలుగు నుంచి ఎనిమిది వారాలు సాగుతుంది. పరీక్ష లేని చదువు ఎంత దూరం పోతుందన్నది బడిపంతులుగా నాకు మొదట కలిగిన సందేహం. ఇప్పుడు ఆ సందేహం లేదు. చదవమని ఇచ్చిన పేజీలను చదివి వచ్చేవారు మా తరగతుల్లో ఎక్కువమందే ఉంటారు. చదవకపోతే అడిగేవారెవరూ లేరు, అయినా చదివి వస్తారు, ఎందుకంటే చదవనివారికి చర్చలో మాట్లాడటానికి ఏమీ మిగలదు. డెబ్బై ఐదేళ్ళ మనిషి పుస్తకం అంచుల్లో పెన్సిలుతో ప్రశ్నలు రాసుకొని రావడం చూసినప్పుడు, మార్కుల కోసం చదివించిన నా ముప్పై ఏళ్ళ ఉద్యోగం గుర్తుకు వచ్చి కొంచెం బాధ కలిగిన మాట కూడా నిజం.

నాకు అన్నిటికన్నా మేలు చేసినది వలస చట్టాల చరిత్ర మీద ఒక విశ్రాంత న్యాయవాది నడిపిన తరగతి. ఒక వారం ఆయన ఉపన్యాసం మానేసి, మమ్మల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, రెండు సుప్రీంకోర్టు తీర్పుల నుంచి తీసిన కొన్ని పేజీలను చేతికిచ్చి చదవమన్నారు. మొదటిది 1922 నవంబరు నాటి తకావో ఒజావా కేసు. ఆనాటి చట్టం ప్రకారం, వలస వచ్చినవారిలో తెల్లవారికీ ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పౌరసత్వం పొందే అర్హత ఉండేది. తెల్లవారంటే కాకేసియన్ (ఐరోపావారితో పాటు మరికొందరిని కలిపి ఆనాటి మానవశాస్త్రం పెట్టిన పేరు) జాతివారని, జపాన్‌లో పుట్టిన ఒజావా ఆ జాతివాడు కాడని చెప్పి కోర్టు ఆయన కోరికను తోసిపుచ్చింది. రెండోది 1923 ఫిబ్రవరి నాటిది. పంజాబు నుంచి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్, ఆ కాలపు మానవశాస్త్ర గ్రంథాలు తనవంటివారిని కాకేసియన్లుగానే లెక్కించాయి కనుక తనకు అర్హత ఉందని వాదించాడు. అప్పుడు కోర్టు, మూడు నెలల కింద తాను పట్టుకున్న కొలతను తానే విడిచిపెట్టి, సామాన్యుడి వాడుకలో ఎవరు తెల్లవారో వారే తెల్లవారని తేల్చింది. రెండు తీర్పులనూ రాసిన న్యాయమూర్తి ఒక్కరే, జార్జ్ సదర్లాండ్.

నా పక్కన కూర్చున్నావిడ తాతగారు ఇటలీ నుంచి, అప్పట్లో వలసవచ్చేవారిని తనిఖీ చేసే న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపం మీదుగా వచ్చినవారు. ఆమె రెండు కాగితాలనూ పక్కపక్కన పరచి, ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదువుతూ, “ఇక్కడ శాస్త్రం కావాలన్నారు, ఇక్కడ శాస్త్రం అక్కర్లేదన్నారు” అన్నారు. ఆ తరువాతి ఏడాది, 1924లో వచ్చిన చట్టం ఇటలీవారి రాకకు కూడా గట్టిగా కత్తెర వేసిందని, అందుకే వాళ్ళ తాతగారి తమ్ముడు రాలేకపోయాడని ఆమె చెప్పారు. భారతీయులకు పౌరసత్వ అర్హత 1946లో వచ్చిందనీ, అప్పుడు కూడా ఏడాదికి 100 మందికి మించి రానివ్వలేదనీ, 1965 చట్టం తరువాతనే మనవాళ్ళకు తలుపులు తెరుచుకున్నాయనీ ఆ రోజు భోజనాల దగ్గర మా అమ్మాయికీ అల్లుడు గారికీ చెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నా వాళ్ళకు థింద్ పేరు తెలియదు. మా ఇంట్లో నా గౌరవానికి ఏ లోటూ లేదు. కానీ అమ్మమ్మగా గౌరవించడం వేరు, ఒక విషయం మీద నేను ఏమంటానో వినాలని నలుగురు ఎదురుచూడటం వేరు. ఆ రెండోది నాకు ఈ తరగతులు ఇచ్చాయి, వీటిని ఇంత గట్టిగా సిఫారసు చేయడానికి కారణం కూడా అదే.

అన్ని తరగతులూ ఇలా ఉండవు. బోధించేవారిలో చాలామంది వలంటీర్లు. విషయం తెలిసినవారందరికీ చెప్పడం వస్తుందన్న హామీ లేదు. తెర మీద స్లైడ్లు వేసి, వాటి మీద ఉన్న వాక్యాలనే గంటన్నరసేపు చదివినవారు నాకు ఒకరికి మించే తగిలారు. ఇంకొన్ని తరగతుల్లో ఇద్దరు ముగ్గురు సభ్యులే మాట్లాడుతూ ఉంటారు, నడిపేవారు మొహమాటపడి ఆపలేరు. మెల్లగా మాట్లాడేవారికి, ముఖ్యంగా ఇంగ్లీషులో వాక్యం కూర్చుకోవడానికి ఒక్క క్షణం ఎక్కువ కావలసిన మనవంటివారికి, ఆ తరగతుల్లో అవకాశం దొరకదు. అందుకని కేటలాగు చూసేటప్పుడు నేను రెండు విషయాలు చూస్తాను. ఏ వారం ఏం చదవాలో వివరంగా రాసి ఉండాలి, చేరేవారి సంఖ్యకు పాతిక లోపు పరిమితి ఉండాలి. ఈ రెండూ ఉన్న తరగతులు నన్ను నిరాశపరచింది చాలా అరుదు. పేరున్న వక్తలు వచ్చే పెద్ద హాలు ఉపన్యాసాలు వినడానికి బాగుంటాయి, కానీ వాటి కోసమే అయితే సభ్యత్వం అవసరం లేదు, అటువంటివి ఇంట్లో కూర్చొని కూడా వినవచ్చు.

వినికిడి సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళ కోసం నడిపే చోట మైకు లేకుండా మాట్లాడటం క్షమించరానిది, అయినా అది జరుగుతూనే ఉంది. ‘నా గొంతు అందరికీ వినబడుతోంది కదా’ అని అడిగి, వినబడనివాళ్ళు జవాబు చెప్పకపోతే సరేననుకొని సాగిపోతారు. కార్యాలయానికి రాతపూర్వకంగా చెప్పిన తరువాత కొన్ని గదుల్లో మార్పు వచ్చింది. 2020 నుంచి మొదలైన జూమ్ తరగతులలో ఈ ఇబ్బంది తక్కువ, మాటలు అక్షరాలుగా కింద పడుతుంటాయి కనుక అమెరికన్ ఉచ్చారణ అలవాటు లేనివారికి అది పెద్ద సాయం. కొత్తగా చేరేవారు ఒక తరగతి జూమ్‌లో, ఒకటి నేరుగా తీసుకుంటే మేలని నా అభిప్రాయం. జూమ్ మాత్రమే అయితే స్నేహాలు కుదరవు, తరగతికి ముందు కాఫీ దగ్గర జరిగే పది నిమిషాల మాటలు అందులో ఉండవు.

విషయాల ఎంపికలో ఒక లోటు నాకు మొదటి నుంచీ కనిపిస్తూ వచ్చింది. అమెరికా అంతర్యుద్ధం, ఇటలీ చిత్రకళ, ఒపేరా, రెండో ప్రపంచ యుద్ధం ప్రతి విడతలోనూ ఉంటాయి, భారతదేశం ఎప్పుడైనా వస్తే యోగాసనాల రూపంలోనే వస్తుంది. దీనికి మందు సంస్థ నియమాల్లోనే ఉంది. సభ్యులెవరైనా తరగతి ప్రతిపాదించవచ్చు. నేను గోదావరి ఆనకట్ట చరిత్ర మీద నాలుగు వారాల తరగతి ప్రతిపాదిస్తే అంగీకరించారు. 1832-33 నాటి డొక్కల కరువుతో మొదలుపెట్టి, ఆర్థర్ కాటన్ నివేదికలు, 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలైన పని, 1852లో ముగింపు, ఆ తరువాత కాలువలతో డెల్టా రూపు మారిన తీరు చెప్పాను. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలనూ బోర్డు మీద గీసి, నడుమ లంకలు చూపించాను.

రెండో వారం, ఆనకట్టల పనిలోనే ఉద్యోగ జీవితం గడిపిన ఒక పెద్దాయన చెయ్యెత్తి, అంత లోతు ఇసుక మీద పునాది ఎలా నిలిచిందని అడిగారు. అది ఇంజనీరు మాత్రమే అడగగల ప్రశ్న. కావేరి మీద చోళుల నాటి కల్లణై ఆనకట్టను చూసి, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే ఉపాయం అక్కడి నుంచే నేర్చుకున్నామని కాటనే రాశాడని, ఇసుకలోకి బావులు దింపి వాటి మీద కట్టడం లేపారని చెప్పాను. మరుసటి వారం ఆయన గళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఆ పునాది అడ్డుకోత బొమ్మ గీసి తెచ్చి, నీరు కింద నుంచి ఊరి పునాదిని తోడేయకుండా రాతి పరుపు ఎందుకు వేస్తారో అందరికీ వివరించారు. ఆ పది నిమిషాలూ నేను విద్యార్థినిగా కూర్చున్నాను. ఇంకొకరు, కంపెనీ ప్రభుత్వం ఇదంతా పన్ను రాబడి కోసం చేసింది కదా, మీవాళ్ళు ఆ ఇంగ్లీషువాడికి ఎందుకు మొక్కుతారు అని నిలదీశారు. రాబడి లెక్క నిజమేనని, గోదావరి స్నాన సంకల్పంలో ఆయనను తలచుకునేవారున్న మాట కూడా నిజమేనని, రెండింటినీ కలిపే చదవాలని చెప్పాను. పాఠశాలలో ఇదే పాఠాన్ని ఎన్నో ఏళ్ళు చెప్పాను కానీ, ఇంత లోతుకు వెళ్ళమని నన్ను ఎవరూ అడిగి ఉండలేదు.

మన రాష్ట్రాల్లో వయసు మీరినవారికి చదువు తలుపులు మూసి లేవు. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఎందరికో ఆలస్యంగానైనా డిగ్రీ ఇచ్చింది. కానీ అది పరీక్షల చదువు. విశాఖపట్నంలోనో తిరుపతిలోనో విశ్వవిద్యాలయ ప్రాంగణం చుట్టుపక్కల ఎంతమంది విశ్రాంత ఆచార్యులు ఉంటున్నారో ఆలోచిస్తే, ఉదయం పూట ఖాళీగా ఉండే రెండు గదులు వారికిచ్చి ఇటువంటి తరగతులు నడిపించడానికి పెద్ద ఖర్చు కాదనిపిస్తుంది. ఎవరైనా మొదలుపెట్టాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఇక చేరాలనుకునేవారికి అవసరమైన సంగతులు. ఫీజు ఒక్కో చోట ఒక్కో తీరు. కొన్నిచోట్ల ఏడాది సభ్యత్వం కడితే ఎన్ని తరగతులైనా తీసుకోవచ్చు, మరికొన్నిచోట్ల సభ్యత్వం వేరు, తరగతి రుసుము వేరు. కట్టలేనివారికి రాయితీ ఇచ్చే సంస్థలు కూడా ఉన్నాయి, అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. రిజిస్ట్రేషన్ తెరిచే ఉదయం మంచి తరగతులు చూస్తుండగానే నిండిపోతాయి, అందుకని పిల్లల్లో ఎవరినైనా ముందే కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టాలి.

అసలు కష్టం ప్రయాణానిది. కారు నడపని మనవంటి తల్లిదండ్రులకు పగటి పూట తరగతులంటే అందరూ ఆఫీసుల్లో ఉండే వేళ. మా అల్లుడు గారు ఇంటి నుంచి పనిచేసే రోజులను బట్టి నా తరగతులు ఎంచుకుంటాను. కొంతకాలం తరువాత తోటి సభ్యురాలు ఒకరు తన కారులో తీసుకువెళ్ళడం మొదలుపెట్టారు. బస్సు సౌకర్యం గురించి, విద్యార్థుల ఉచిత బస్సుల్లో మీకు చోటు ఉంటుందా అన్న దాని గురించి కేటలాగు కన్నా ముందు అడగండి.

గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చదువులో ఏ చిక్కూ లేదు. ఆరు నెలలకు విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. డిగ్రీకి లెక్కకు రాని, సరదా కోసం చేసే చిన్న కోర్సుకే ఆ వీసా అనుమతిస్తుంది. తమ తరగతి ఆ లెక్కలోకి వస్తుందో లేదో సంస్థ కార్యాలయాన్ని అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకొని, ఆ తరువాతనే డబ్బు కట్టాలి.