వరద నీళ్లలో మునిగిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230: ఏళ్లు వాడాక సమీక్ష

ముందే తేల్చి చెప్తా. నీళ్లు కార్పెట్ దాకే వచ్చి, అదే మోడల్ మంచి బండి ధరలో సగానికి దొరికి, ఇంట్లో రోజువారీ పనులకు ఇంకో కారు ఉంటే కొనొచ్చు. సీటు కుషన్ తడిసిందంటే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

2017లో మన దేశానికి 500 బండ్లే వచ్చాయి. 2.0 టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్, 230 పీఎస్ పవర్, క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండే (వెట్ క్లచ్) ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. చూడ్డానికి ఫ్యామిలీ బండే, తోలేవాళ్లు స్పోర్ట్స్ కారు లెక్కనే తోలుతారు. దొరకడమే అరుదు కాబట్టి మునిగిందని తెలిసినా బేరానికి వచ్చేవాళ్లు ఉంటారు.

వరంగల్‌లో అమ్మకానికి కనిపించే ఇలాంటి బండి ఎక్కడ మునిగిందో కనుక్కోవడానికి కొన్ని తేదీలు పనికొస్తాయి: 2020 అక్టోబర్ హైదరాబాద్, 2022 సెప్టెంబర్ బెంగళూరు, 2023 జులై మన హంటర్ రోడ్డు, నయీంనగర్, అదే ఏడాది డిసెంబర్ చెన్నై, 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫానుకు మళ్లీ హనుమకొండ. రిపేరు ఖర్చు ఐడీవీ (పాలసీలో రాసిన బండి విలువ)లో 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్ కింద తేలుస్తుంది, బండి వేలానికి పోతుంది. మామూలుగా ఆర్సీ చూస్తే ఆ సంగతి తెలియదు, పాత పాలసీలు చూస్తే తెలుస్తుంది. 35, 45 శాతం ఉన్న ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) వరద తర్వాతి రెన్యువల్‌లో సున్నాకు పడిందంటే ఆ ఏడాది క్లెయిమ్ అయి ఉండొచ్చు. ఓనరు మారినా ఎన్‌సీబీ పోతుంది కాబట్టి ఆర్సీ బదిలీ తేదీ పక్కన పెట్టి చూడండి. పాత పాలసీలు పోయాయనే అమ్మకందారు దగ్గర ఇక మాటలు అనవసరం.

అందరూ ఇంజిన్ గురించే భయపడతారు. అది తేలిగ్గా తేలిపోయే విషయం. నీళ్లు సిలిండర్‌లోకి పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, పిస్టన్ పైదాకా రాదు. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్‌లో నాలుగు సిలిండర్లూ 11 నుంచి 14 బార్ మధ్య ఉండాలి. ఒక్కటే తక్కువ చూపిస్తే ప్లగ్గు తీసి బోరోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) దించండి. బోరు (సిలిండర్ లోపలి గోడ) పైభాగంలో ఉండే కార్బన్ పట్టీ ఆ ఒక్కదాంట్లోనే వెడల్పుగా కనిపిస్తే రాడ్ వంగినట్టే. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కింది హోస్ విప్పి చూడటం కూడా మరవొద్దు, బురద నీళ్లు అక్కడ ఆగిపోతాయి.

గేర్‌బాక్స్‌కు పైన గాలి ఆడే రంధ్రం, అంటే బ్రీదర్ ఉంటుంది. బానెట్ ఎత్తుకు నీళ్లొస్తే దాంట్లోంచి లోపలికి దిగుతాయి. ఆయిల్ డికాషన్‌లో పాలు పోసినట్టు ఉంటే బండి వదిలేయండి, క్లచ్ ప్లేట్ల లైనింగ్ ఊడిపోవడం మొదలైనట్టే. రంగు బాగున్నా సరే, కొన్నాక ఆయిల్, ఫిల్టర్ మార్చండి. మొత్తం ఏడు లీటర్ల దాకా పడుతుంది కానీ డ్రెయిన్ చేస్తే ఐదు చిల్లరే బయటికొస్తుంది. మిగతాది లోపలే ఉంటుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తోలి రెండోసారి మార్చాలి. లెవెల్ చూసేటప్పుడు ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. ఇది పట్టించుకోని మెకానిక్‌లు చాలామంది.

అసలు కిరికిరి అంతా వైరింగ్‌తోనే. బ్యాటరీ తీయకుండా నీళ్లలో ఉన్న బండిలో, ఎప్పుడూ కరెంటు ఉండే పిన్నులు ముందు పచ్చబారతాయి. ఆ చిలుము వైరు తొడుగు కింద లోపలికి పాకుతుంది. బయటికి వైరు కొత్తగానే ఉంటుంది, వేలితో వంచితే లోపల పొడి పొడి అవుతుంది. అందుకే ఈ జబ్బు కొన్న రోజు కనిపించదు, ఆరు నెలలకో రెండేళ్లకో బయటపడుతుంది. వానాకాలంలో డోరు మూసే ఉన్నా తెరిచి ఉందని చూపిస్తుంది, ఏసీ బ్లోవర్ తనంతట తానే ఆగుతుంది, ఏబీఎస్ లైటు వెలిగి మర్నాడు ఆరిపోతుంది. సెన్సర్ మార్చితే పైసలు దండగ, కనెక్టర్ కోసి కొత్త పిన్నులు వేస్తేనే నిలుస్తుంది.

కాబట్టి చూడ్డానికి పోయేటప్పుడు ఆటోనగర్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్‌ను తీసుకుపోండి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి, లేకపోతే సీటు కనెక్టర్ విప్పగానే ఎయిర్‌బ్యాగ్ ఫాల్ట్ పడుతుంది. ముందు సీట్లు విప్పి కార్పెట్ ఎత్తండి. పైన డిటైలింగ్ చేసి మెరిపిస్తారు కానీ కింది మందపాటి ఫోమ్ పిండితే నిజం చెప్తుంది. సీటు కింది పసుపు కనెక్టర్లు విప్పి చూడండి. సీటుబెల్టు చివరిదాకా లాగండి, ఒండ్రు గీత అక్కడ మిగిలే ఉంటుంది. కనెక్టర్లు, బ్యాటరీ మళ్లీ కలిపాక ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగలేదంటే ఆ లైటును చంపేశారన్నమాట. ఎయిర్‌బ్యాగ్‌లను నడిపే కంప్యూటర్ మాడ్యూల్ గేర్ లివర్ దగ్గర, ముందు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్ మీద ఉంటుంది. తడిస్తే మార్చడమే, కడిగి ఆరబెట్టి వాడితే ప్రాణాలతో ఆట.

తర్వాత వీసీడీఎస్ లాంటి, బండి కంప్యూటర్లలోని ఫాల్టులు చదివే స్కానర్ పెట్టి ప్రతి మాడ్యూల్‌నూ చదివించండి. ఒకటి రెండు ఫాల్టులు ఏ పాత బండిలోనైనా ఉంటాయి. నాలుగైదు మాడ్యూళ్లలో ఒకే కిలోమీటర్ల దగ్గర కమ్యూనికేషన్ ఫాల్టులు కనిపిస్తే బండి ఆ రీడింగ్ దగ్గర మునిగిందని అర్థం. మొత్తం చెరిపేసి ఖాళీగా ఉన్న స్కాన్ ఇంకా అనుమానం. ఇరవై కిలోమీటర్లు తోలి మళ్లీ చదివించండి. కాజీపేట దాటి ఘన్‌పూర్ వైపు హైవే మీద తోలితే వీల్ బేరింగులూ తెలిసిపోతాయి, అవి పోయి ఉంటే 60 నుంచి 80 వేగంలో గుయ్యిమని మోత వస్తుంది. వాపస్ వచ్చాక కింద దూరి స్టీరింగ్ రాక్ రబ్బరు బూట్లు చూడండి. చిరిగి ఉంటే లోపల తుప్పు మొదలై ఉంటుంది, అక్కడ ఖర్చు రాక్ మొత్తానిది.

అన్నీ సరిచేశాక బండి ఎట్లుంటుందంటే, రెండో గేర్‌లో ఆ దూకుడు అట్లనే ఉంటుంది, హైవే మీద పరుగులో తేడా తెలియదు. వాసన మాత్రం పూర్తిగా పోదు. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పడితే మళ్లీ తేలుతుంది, ఫోమ్ కొత్తది వేయించినవాళ్లకు కాస్త నయం. అమ్మాలనుకుంటే కొన్నవాడికి విషయం చెప్పాల్సిందే, కాబట్టి రీసేల్ లెక్కలు వేసుకుని కొనొద్దు.

ఇన్సూరెన్స్ తెగి ఉంటే కొత్త పాలసీకి ముందు బండి చూస్తారు, నిజం దాచకండి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ దొరికితే తప్పకుండా తీసుకోండి. అది లేకుండా నిలిచిన నీళ్లలో తోలి ఇంజిన్ పోతే మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు. వాన పడ్డ రాత్రి నయీంనగర్ నాలా వైపు పోవాల్సొస్తే ఇంట్లో ఉన్న రెండో బండి తీయండి.