పిల్లల తోటలో బోర్డులకు ఏ అక్షరాలు మేలు: బొద్దువా, సాదావా, చేతిరాతా?

బడితోటలోనో, చెట్ల కింద తరగతిలోనో పిల్లల కోసం బోర్డు రాయించాలనగానే చాలామంది గుండ్రటి బొద్దు ఫాంటు వెతుకుతారు. పిల్లలంటే ఆట కాబట్టి అక్షరమూ ఆడుతున్నట్టు ఉండాలని వాళ్ల ఉద్దేశం. ఆ ముచ్చటను కాదనను. కానీ ఆ బోర్డు ముందు నిలబడేది అక్షరాలు ఇంకా చేతికీ కంటికీ కుదరని పిల్ల. పుస్తకంలో చూసిన ‘ప’, పలక మీద దిద్దిన ‘ప’, బోర్డు మీది ‘ప’ ఒకే అక్షరమని చూడగానే తెలియాలి. నేను ఫాంటును తూచేది మొదట దీంతోనే. అందం ఆ తర్వాత.

బొద్దు అక్షరాల్లో తెలుగుకు బాగా కుదిరింది బాలూ తమ్ముడు అనే ఫాంటు. ఫాంట్లు గీసే ఏక్ టైప్ వాళ్లు చేశారు, ఉచితంగా వాడుకోవచ్చు. దాని కొత్త రూపం బాలూ తమ్ముడు 2లో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఐదు మందాలు ఉన్నాయి. తోట పేరు, ఆటస్థలం పేరు లాంటి రెండు మూడు మాటలు పెద్దగా రాస్తే దూరం నుంచే పిల్లల్ని పిలుస్తుంది. చిక్కు చిన్న బోర్డుల దగ్గర వస్తుంది. ‘మొక్కలను తొక్కవద్దు’ అని బాగా మందమైన అక్షరాల్లో రాయించి దగ్గరగా చూడండి. వత్తు అసలు అక్షరం కంటే చిన్నది, గీత మాత్రం దాదాపు అంతే లావు. అందుకే లోపలి ఖాళీ ముందు వత్తులోనే మూసుకుపోతుంది. ఎనామిల్ పెయింటు కాస్త జారినా, వానకు మట్టి చిమ్మినా ‘ద్దు’ కింద వత్తు ఒక మచ్చలా మిగులుతుంది. కూడబలుక్కుంటూ చదివే పిల్ల దాన్ని ‘తొకవదు’ అనే చదువుతుంది. ‘వేప’ అన్న చిన్న మాటలోనూ ఇదే ఇబ్బంది. ‘ప’ తలకట్టుకూ ఒంటికీ మధ్య సందు పూడిపోతే అది ‘వ’ వైపు జరుగుతుంది. పెద్దవాళ్లకు పట్టదు, ఎందుకంటే మనం మాటను మొత్తంగా పోల్చుకుంటాం. అక్షరం అక్షరం పట్టుకుని చదివేవాళ్లకు ఆ సందే ఆధారం.

నోటో సెరిఫ్ తెలుగు లాంటి సన్నం–లావు గీతల ఫాంట్లు పుస్తకం పేజీలో చాలా హుందాగా ఉంటాయి. ఎండలో వాటి సన్నగీత వెలుతురులో కలిసిపోతుంది, పెయింటు రాలేటప్పుడు మొదట పోయేదీ అదే. ఆరుబయటకు అవి వద్దు.

ఇక గీత అంతా ఒకే మందంగా ఉండే సాదా అక్షరాలు. పోటీ నిజానికి వీటిలోనే ఉంది. నోటో సాన్స్ తెలుగు నమ్మకమైనది. వత్తులు, దీర్ఘాలు ఎక్కడ ఉండాలో అక్కడే కూర్చుంటాయి. హింద్ గుంటూరులో లైట్ నుంచి బోల్డ్ దాకా ఐదు మందాలున్నాయి, లోపలి ఖాళీలు విశాలంగా ఉంటాయి, పక్కన ఇంగ్లీషు పేరు రాసినా రెండూ ఒకే బరువుతో కనబడతాయి. అనెక్ తెలుగుకు ఉన్న బలం వేరు: మందంతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు, మామూలు వెడల్పులో 75 శాతం నుంచి 125 శాతం దాకా. ‘పొద్దుతిరుగుడు’ లాంటి పొడుగు పేరు చిన్న పలక మీద పట్టకపోతే కొందరు కంప్యూటర్లో అక్షరాలను పక్కలనుంచి నొక్కేస్తారు. అప్పుడు నిలువుగీతలు సన్నబడి, గుండ్రాలు కోడిగుడ్లవుతాయి. అనెక్‌లో వెడల్పు తగ్గిస్తే గీత మందం సరిపోయేలా ముందే గీసి ఉంటుంది. అయినా పిల్లల కోసమైతే మరీ ఇరుకైన వెడల్పు తీసుకునే బదులు పలకే కొంచెం పొడుగు చేయించమంటాను. మొక్కల పేర్లకూ సూచనలకూ నా ఓటు హింద్ గుంటూరు మీడియం లేదా సెమీబోల్డ్‌కే. పేర్ల పొడుగు బాగా తేడాగా ఉంటే అనెక్.

చేతిరాత సంగతి వేరు. మంచి పెయింటర్ కుంచెతో రాసిన అక్షరానికి ఏ ఫాంటుకూ లేని ప్రాణం ఉంటుంది. అయితే నీడలు, రెండో రంగు అంచులు పెట్టకుండా ఆపాలి, అన్ని బోర్డుల మీదా అక్షరం ఒకే తీరులో రావాలి. అందుకు మార్గం, ఎంచుకున్న ఫాంటులో అసలు సైజు ప్రింటు ఇచ్చి దాని మీదుగా రాయించడమే. స్టెన్సిల్, అంటే అక్షరాన్ని రేకులో కోసి దాని మీదుగా రంగు వేయడం, మాత్రం తెలుగుకు కష్టం. ‘ర’ గుండ్రం కోసినప్పుడు మధ్యముక్క ఊడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి వదిలే చిన్న అడ్డపట్టీలు పెయింటులో తెగిన గీతలుగా కనబడి, ‘ర’, ‘ఠ’ తేడా తెలియని పిల్లల్ని ఇంకా తికమక పెడతాయి. పిల్లలే రాసే బోర్డులకు ఈ నియమాలేవీ వద్దు. వాళ్లు పెంచిన మడికి వాళ్ల చేతిరాతే ఉండాలి.

ఇంగ్లీషు వరుస కూడా ఉంటే ఆండికా అనే ఫాంటు చూడండి. చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసమే, భాషల మీద పనిచేసే ఎస్ఐఎల్ సంస్థ దాన్ని చేసింది. స్మాల్ లెటర్స్‌లో ‘ఏ’ పిల్లలు చేత్తో రాసే ఆకారంలోనే ఉంటుంది, క్యాపిటల్ ‘ఐ’కీ స్మాల్ ‘ఎల్’కీ తేడా తెలుస్తుంది. అంతా క్యాపిటల్స్‌లో రాయించొద్దు. బ్రిటన్ రోడ్డు బోర్డులను రూపొందించిన డిజైనర్లు జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ కూడా ఊర్ల పేర్లను స్మాల్ లెటర్స్ కలిపే రాశారు.

ఏ ఫాంటైనా సైజు తప్పితే దండగే. బోర్డుల పనిలో వాడుకలో ఉన్న లెక్క 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు. అది ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాల లెక్క. తెలుగులో వత్తు, గుడి వదిలేసి ‘ద’ ఒంటి ఎత్తును కొలవాలి. కంప్యూటర్లో ఫాంటు సైజు చూపే పాయింట్లలో చెప్పకండి, ఒకే పాయింట్ సైజులో ఒక్కో ఫాంటు అక్షరం ఒక్కో ఎత్తులో వస్తుంది. అంగుళాల్లో చెప్పండి. రెండు వరుసలుంటే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తగలనంత ఖాళీ వదలాలి. మెరిసే వినైల్ కంటే మెరుపు లేని మ్యాట్ ఉపరితలం మేలు, లేత రంగు మీద ముదురు అక్షరం మేలు. ఎరుపు, ఆకుపచ్చ కలిపితే ఆ రంగుల తేడా తెలియని పిల్లలకు బోర్డు ఖాళీగా కనబడొచ్చు.

ఇంకో జాగ్రత్త. యూనికోడ్ ఫాంటులో టైపు చేసినదాన్ని పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లో తెరిస్తే వత్తులు విడిపోయి పక్కకు చేరతాయి. అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇస్తే ఆ బెడద ఉండదు. ప్రింటుకు పంపేముందు ఒక బోర్డును అసలు సైజులో కాగితం మీద తీసి, పెట్టబోయే చోటే పిల్లల కళ్ల ఎత్తున అంటించండి. మిట్టమధ్యాహ్నం ఒకసారి, చెట్టు నీడ పడ్డాక ఇంకోసారి అందరికన్నా చిన్న తరగతి పిల్లలతో చదివించండి. వత్తు దగ్గర ఆగితే మందం ఒక మెట్టు తగ్గించాలి, మొదటి అక్షరం దగ్గరే ఆగితే సైజు పెంచాలి.