గర్భిణికి న్యుమోనియా: ఏ రక్తపరీక్షను నమ్మాలి?

రిపోర్టులో తెల్లరక్తకణాలు 14,000 అని కనపడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మామూలుగా 11,000 దాటితే ఎక్కువే. గర్భిణికి మాత్రం ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే 15,000 దాకా ఉండొచ్చు, నొప్పుల సమయంలో 25,000 కూడా దాటొచ్చు. నెలలు నిండకుండా కాన్పవుతుందేమోనని బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే దానివల్లా పెరుగుతాయి. ఎర్రరక్తకణాలు ఎంత వేగంగా అడుక్కి దిగుతాయో చూసే ఈఎస్ఆర్ పరీక్ష ఇంకా దండగ. గర్భంతో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, పైగా చాలామందికి రక్తహీనత. ఈ రెండింటికే అది ఎగబాకుతుంది.

కాబట్టి అసలు పోటీ ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే రెండు పదార్థాల పరీక్షల మధ్యే: సీఆర్‌పీకీ (సీ-రియాక్టివ్ ప్రొటీన్), ప్రోకాల్సిటోనిన్‌కీ.

సీఆర్‌పీకి న్యుమోనియాతో పాత చుట్టరికమే. 1930లో టిల్లెట్, ఫ్రాన్సిస్ దాన్ని గుర్తించింది న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా సోకిన రోగుల రక్తంలోనే. కాలేయం తయారుచేసే ఈ ప్రొటీన్ ఇన్ఫెక్షన్ మొదలైన ఆరేడు గంటల్లో పెరగడం మొదలై, రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. గర్భంలో కొంచెం ఎక్కువగానే ఉంటుంది గనక లీటరుకు 10, 15 మిల్లీగ్రాములు చూసి కంగారు పడక్కర్లేదు. దగ్గు, జ్వరంతో పాటు 100 దాటితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. బ్యాక్టీరియానా, వైరసా అన్నది ఇది తేల్చదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, సిజేరియన్ అయినా పెరుగుతుంది. అయినా దీని అసలు బలం రెండోసారి చేసినప్పుడు తెలుస్తుంది. మందు పనిచేస్తుంటే గబగబా తగ్గుతుంది. నాలుగో రోజుకీ సగానికి దిగలేదంటే యాంటీబయాటిక్ సరిపడలేదేమో, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందేమో చూడాలి.

ప్రోకాల్సిటోనిన్ ఇంకా త్వరగా, ఒక్క రోజులోపే పైకి చేరుతుంది. వైరల్ జబ్బుల్లో ఒంట్లో విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్ దాన్ని అణచిపెడుతుంది గనక బ్యాక్టీరియాను వేరు చేయడంలో సీఆర్‌పీ కన్నా ఒక మెట్టు పైనే. గర్భం వల్ల పెద్దగా మారదు. మిల్లీలీటరుకు 0.25 నానోగ్రాముల లోపు ఉంటే బ్యాక్టీరియా అవకాశం తక్కువ. తక్కువే తప్ప లేదని కాదు: మైకోప్లాస్మా లాంటి కొన్ని బ్యాక్టీరియాలు దీన్ని అంతగా పెంచవు. ఎక్స్‌రేలో న్యుమోనియా తేలాక ఈ అంకె తక్కువుందని యాంటీబయాటిక్ ఆపొద్దని 2019 నాటి అమెరికా మార్గదర్శకాలు చెప్పాయి. ఖరీదూ ఎక్కువే, అన్ని ల్యాబుల్లోనూ దొరకదు.

ఒక్కటే చేయించగలిగితే నా ఓటు సీఆర్‌పీకే, అదీ రెండుసార్లు. వైరస్సా, బ్యాక్టీరియానా అని డాక్టరుకే సందేహం ఉన్నప్పుడు ప్రోకాల్సిటోనిన్ జోడిస్తే ఉపయోగం.

అన్నట్టు, గర్భంలో ఊపిరి లోతుగా తీసుకుంటారు గానీ వేగం పెద్దగా మారదు. నిమిషానికి 24 దాటినా, ఆక్సిజన్ 95 శాతం కన్నా తగ్గినా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ ఛాతీ ఎక్స్‌రే అంటే వద్దనకండి. దాని నుంచి బిడ్డకు చేరే రేడియేషన్ 0.01 మిల్లీగ్రే కూడా దాటదు. హాని మొదలయ్యే స్థాయికి అది చాలా దూరం.