థాయిలాండ్‌లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: ఒక ఏజెన్సీ సేవపై సమీక్ష

థాయిలాండ్‌లో ఇంగ్లీషు బోధించాలనుకునే మనవాళ్ళకు 120 గంటల ఆన్‌లైన్ శిక్షణ, ఉద్యోగం, వీసా పత్రాల సాయం కలిపి ఒకే ప్యాకేజీగా అందించే ఒక ఏజెన్సీ ద్వారా నేను ఆ దేశపు ఈశాన్య ప్రాంతంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో చేరాను.

పత్రాల పనికి వంక పెట్టలేను. డిగ్రీ పట్టా ధ్రువీకరణ, పోలీసు క్లియరెన్సు, ఉద్యోగం కోసం వెళ్ళేవారికిచ్చే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, అక్కడికి వెళ్ళాక వర్క్ పర్మిట్, వీటిలో ఏది ముందో ఏది తరువాతో విడమరచి చెప్పారు. మన పాస్‌పోర్టు ఉన్నవారిని ఇంగ్లీషు మాతృభాష కానివారిగానే లెక్కగడతారని, అందువల్ల సాధారణంగా టోయిక్ అనే ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షలో 600 మార్కులు అడుగుతారని డబ్బు కట్టించుకోకముందే చెప్పడం మెచ్చుకోదగినది.

శిక్షణ మాత్రం తేలిపోయింది. నమూనా పాఠాలన్నీ పదిమంది పెద్దవాళ్ళున్న తరగతికి రాసినవి. నాకు అప్పగించిన తరగతిలో నలభైమందికి పైగా పిల్లలున్నారు. కేంబ్రిడ్జ్ వారి సెల్టా అనే ఇంగ్లీషు బోధనా శిక్షణలో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పి తీరాలి, ఇందులో ఒక్క నిమిషమైనా లేదు. ఉచ్చారణ గురించి చెప్పినదీ శూన్యమే. థాయ్ భాషలో పదాంతంలోని హల్లును నోటిలోనే ఆపేస్తారు, చివరి లకారం నకారమవుతుంది కాబట్టి పిల్లలు ఆపిల్‌ను ‘ఆప్పెన్’ అంటారు. మనమేమో ప్రతి పదానికీ చివర అచ్చు తగిలించే అలవాటున్నవాళ్ళం. నేను ‘బుక్కు’ అనడం, వాళ్ళు దాన్ని సగంలో మింగేయడం. కొన్నాళ్ళు ఇంగ్లీషు మా ఇద్దరి మధ్య ఎక్కడో చిక్కుకుపోయింది.

ఇక విద్యార్థుల కృతజ్ఞత. ఈ సంస్థ ప్రకటనలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి, అది అబద్ధమూ కాదు. మే నడుమ బడులు తెరిచాక, సాధారణంగా జూన్‌లో ఒక గురువారం నాడు, ‘వాయ్ ఖ్రూ’ అనే గురువందనం జరుగుతుంది. పిల్లలు స్వయంగా అలంకరించిన పూలపళ్ళేలతో మోకాళ్ళ మీద నడిచివచ్చి ఉపాధ్యాయులకు సమర్పిస్తారు. ఆ పళ్ళేలలో సంప్రదాయం ప్రకారం ఉండేవి గరిక, వంకాయ పువ్వు, నూరువరహాల పూలు, పేలాలు. మన పెరట్లోనో వంటింట్లోనో లేనిది ఒక్కటీ లేదు. తల వంచుకుని పూసే వంకాయ పువ్వును వాళ్ళు వినయానికి గుర్తుగా భావిస్తారు. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక కుర్రవాడు నాకిచ్చిన పళ్ళెంలో గరిక కింద మడిచిన కాగితం ఉంది, దాని మీద పెన్సిలుతో ‘టీచర్ నో యాంగ్రీ, థాంక్యూ’ అని రాసి ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి. తప్పులు దిద్దే ఎర్ర పెన్ను జేబులోనే ఉన్నా తీయబుద్ధి కాలేదు.

అయితే ఆ కృతజ్ఞత ఆ బడిది, ఆ పిల్లలది. ఏజెన్సీ ఖాతాలో వేయవలసినది కాదు. అసలు అలాంటి వేడుక ఒకటుందని, అప్పుడు కుర్చీలో కూర్చోవాలని, నమస్కరించిన పిల్లలకు ఏం బదులివ్వాలని ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు. పక్కనున్న థాయ్ ఉపాధ్యాయిని సైగ చేయకపోతే నేను నిలబడే ఉండేవాణ్ణి.

కాబట్టి నా లెక్కలో పత్రాల పనికి ఐదుకు నాలుగు, శిక్షణకు ఒకటిన్నర. చేరదలచినవారు శిక్షణను వేరేచోట పొంది, వీళ్ళ దగ్గర ఉద్యోగ, వీసా సేవ మాత్రమే విడిగా అడగడం మేలు. వేసవి సెలవుల జీతం ఇస్తారో లేదో కూడా సంతకానికి ముందే ఒప్పందంలో రాయించుకోవాలి.