హోండా ఎస్2000: ఇంజను కుర్రది, రబ్బరు ముసలిది

పాత స్పోర్ట్స్ కారు ఉందని చెప్పగానే అందరూ ముందు ఇంజను గురించే అడుగుతారు. ఎంత తిరిగింది, పొగ వదులుతోందా, ఆయిల్ తాగుతోందా అని. చాలా ఏళ్లుగా నా దగ్గరున్న ఎస్2000 విషయంలో ఆ ప్రశ్నలకు జవాబుగా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నా సెలవు రోజులను మింగినవి వేరే ఉన్నాయి: రబ్బరు బుష్‌లు (లోహపు భాగాల కీళ్లలో ఉండే మెత్తలు), తుప్పు పట్టిన బోల్టులు, పెళుసెక్కిన ప్లాస్టిక్కు. ఇంజను పూర్తిగా విప్పి కట్టే స్థాయి పని తప్ప మిగతాదంతా ఇంటి దగ్గరే చేసుకుంటాను. అందుకే ఈ సమీక్షలో స్టీరింగ్ ముందు కూర్చున్నప్పటి ముచ్చట్ల కంటే కారు కింద పడుకున్నప్పటి సంగతులే ఎక్కువ.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1999లో మొదలై 2009లో ఆగిపోయిన రెండు సీట్ల కారు ఇది. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి పడేయవచ్చు. నాది తొలి తరంది. నాలుగు సిలిండర్లు, 1997 సీసీ, టర్బో లేదు. అయినా 8300 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 240 హార్స్ పవర్ ఇస్తుంది. మీటరులో ఎరుపు దాదాపు 9000 దగ్గర మొదలవుతుంది. స్ట్రోక్, అంటే పిస్టన్ ఒక్కసారి కదిలే దూరం, 84 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క వేసి చూడండి: 9000 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 25 మీటర్లు దాటుతుంది, అదీ ఆ ఒక్క సెకనులో 300 సార్లు ఆగి దిక్కు మార్చుకుంటూ. ఇంత బరువు మోసే ఇంజను ఇన్నేళ్ల తర్వాత కూడా ఉదయాన్నే ఒక్క మీటకు లేచి కూర్చుంటుందంటే, దాన్ని గీసినవారికీ పోతపోసినవారికీ దండం పెట్టాలి.

అయితే దీని స్వభావం అందరికీ నచ్చదు. 6000 దాటాక, వాల్వ్‌లను తెరిచే క్యామ్ మారినప్పుడు ఇది వేరే కారవుతుంది. అంతవరకు మామూలు రెండు లీటర్ల కారు ఎలా లాగుతుందో అలాగే లాగుతుంది. గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 208 న్యూటన్ మీటర్లే, అదీ 7500 దగ్గర. కింది గేరులో ఉంచి ఇంజనును అరిపించడం ఇష్టం లేనివారు దీన్ని కొని నిరాశపడటం నేను చూశాను. రద్దీలో నత్తనడక నడిచేవారికి ఇది డబ్బు దండగ.

ఇంజను అడిగేది రెండే. మొదటిది ఆయిల్. గట్టిగా తిప్పినప్పుడు ఈ ఇంజను కొంత ఆయిల్ తాగడం మామూలే. పెట్రోలు పోయించినప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి చూడటం నాకు అలవాటైపోయింది. పట్టేది సుమారు 4.8 లీటర్లు, అందులో ఒక లీటరు తగ్గితే మిగిలినదాని మీద పడే వేడి ఎంతో ఊహించుకోవచ్చు. ఇంకొక మాట. కూలెంట్ ముల్లు మధ్యకు రాగానే ఇంజను వేడెక్కిందనుకుంటారు చాలామంది. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. అప్పటిదాకా 4000 దాటించకపోవడం మేలు.

రెండోది వాల్వ్‌ల సందు, అంటే వాల్వ్‌కూ దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కూ మధ్య ఉండే ఖాళీ. ఈ పనిని నేను ఎవరికీ ఇవ్వను. ఇంజను పూర్తిగా చల్లారాలి, 38 డిగ్రీల లోపు ఉండాలి. అందుకే రాత్రంతా వదిలేసి పొద్దున్నే మొదలుపెడతాను. కాయిల్స్, ప్లగ్‌లు తీసేస్తే క్రాంక్ చేతితో తేలిగ్గా తిరుగుతుంది. పై మూత ఎత్తాక రాకర్ ఆర్మ్ చివర చిన్న స్క్రూ, దాన్ని బిగించి ఉంచే నట్టు కనిపిస్తాయి. ఇన్‌టేక్ వైపు 0.21 నుంచి 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 0.25 నుంచి 0.29. ఫీలర్ గేజ్ రేకును సందులోకి దూర్చి లాగితే వేళ్లకు సన్నని పట్టు తగలాలి, జారిపోకూడదు, ఇరుక్కోకూడదు. తమాషా ఏమిటంటే నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది, అప్పటిదాకా సరిపోయిన సందు మారిపోతుంది. కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి. పదహారు వాల్వ్‌లకూ ఇదే తంతు. టకటకమని శబ్దం చేసే వాల్వ్‌ను చూసి భయపడతారు గానీ, నాకు భయం శబ్దం తగ్గిన వాల్వ్ అంటేనే. ఏళ్లు గడిచేకొద్దీ ఎగ్జాస్ట్ వాల్వ్ తన సీటులోకి కొద్దికొద్దిగా దిగుతుంది, సందు మూసుకుపోతుంది. అప్పుడు అది పూర్తిగా మూతపడదు. తనకు తగిలిన వేడిని సీటుకు వదిలించుకునే అవకాశం పోయి అంచు కాలిపోతుంది. ఆ దశకు చేరేదాకా ఇంజను నోరు మెదపదు.

టైమింగ్ చైన్ టెన్షనర్ (క్యామ్‌లను తిప్పే గొలుసును బిగువుగా ఉంచే భాగం) గురించి చాలామంది గాభరా పెడతారు. వయసు మీదపడ్డాక అది సడలి గలగలమంటుంది, నిజమే. రెండు బోల్టుల పని. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఇక అసలు కథ వెనక చక్రాల దగ్గర. రోడ్డు మీద చిన్న గాడి తగిలినా కారు వెనకభాగం పక్కకు అడుగు వేసినట్టు అనిపించేది. టైర్ల లోపలి అంచులు ముందుగా అరిగేవి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయిద్దామని తీసుకెళితే, తిప్పాల్సిన బోల్టు తిరగడం లేదని చేతులెత్తేశారు. వాళ్ల తప్పేమీ లేదు. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ లోపలి చివర రబ్బరు బుష్ ఉంటుంది, దాని నడుమ ఉక్కు గొట్టం, ఆ గొట్టంలోంచి అడ్జస్ట్‌మెంట్ బోల్టు వెళుతుంది. బోల్టు తలకున్న పళ్లెం అసమానంగా ఉంటుంది కాబట్టి తిప్పినప్పుడు ఆర్మ్ లోపలికో బయటికో జరిగి చక్రం కోణం మారుతుంది. గొట్టానికీ బోల్టుకూ మధ్య ఉన్న సన్నని సందులో ఏళ్ల తరబడి తేమ చేరుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక ఆ సందు నిండిపోయి రెండూ ఒకే ముక్కయిపోతాయి. నట్టు హాయిగా ఊడి వస్తుంది, బోల్టు మాత్రం కదలదు. స్పానర్‌కు పైపు తగిలించి బలం పెడితే బోల్టు కొంచెం తిరిగినట్టు అనిపిస్తుంది, వదలగానే వెనక్కి వచ్చేస్తుంది. తిరిగింది బోల్టు కాదన్నమాట, రబ్బరు మెలిపడింది.

తుప్పు వదిలించే ఆయిల్ రోజూ సాయంత్రం కొట్టాను. వేడి చేశాను. సుత్తితో మర్యాదగా, తర్వాత మర్యాద లేకుండా కొట్టాను. చివరికి రంపమే గతి. బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య వేలెడు చోటు కూడా ఉండదు. అందులో బ్లేడు దూర్చి బోల్టును రెండు వైపులా కోసి, ఆర్మ్‌ను బుష్‌తో సహా బయటికి లాగాను. నలుపు, ఎరుపు పొడి మొహం మీద రాలుతుంటే కళ్లద్దాల విలువ తెలుస్తుంది. ఆర్మ్ కొత్తది, బోల్టు కొత్తది వేశాను. బిగించే ముందు బోల్టు కాండానికి తుప్పును ఆపే గ్రీజు దట్టంగా పూశాను. ఫ్యాక్టరీలో ఈ ఒక్క పూత పడి ఉంటే ఎంతమంది ఆదివారాలు మిగిలేవో.

బిగించడంలో ఒక మెలకువ ఉంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా ఈ బోల్టులను చివరిదాకా బిగించకూడదు. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు అది మెలిపడుతూ సాగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు నేల మీద ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. ఆర్మ్ కింద జాకీ పెట్టి, కారు నేల మీద ఉన్నప్పుడు ఉండే ఎత్తుకు లేపి, అప్పుడే టార్క్ రెంచ్ (బిగువు కొలిచే స్పానర్) పట్టాలి. డబ్బిచ్చి చేయించిన పనిలో ఇది పాటించారో లేదో పైకి కనబడదు. నేను ఇంట్లోనే చేసుకోవడానికి ఒక కారణం ఇదే.

ఇంకో కారణం చక్రాల నట్లు. ఒక వర్క్‌షాపులో గాలి గన్నుతో ఎంతగా బిగించారంటే, తర్వాత వాటిని విప్పడానికి పైపు మీద నిలబడాల్సి వచ్చింది. వాటికి కావలసింది 108 న్యూటన్ మీటర్లు.

బుష్‌లు, టైర్లు మార్చాక మొదటిసారి వంపులో నడిపినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ కారు స్వభావం అనుకున్నది నిజానికి కారు జబ్బు. ఎస్2000 వెనకభాగం చెప్పకుండా జారుతుందని పేరుపడింది. తొలి కార్లలో స్టెబిలిటీ కంట్రోల్ లేదు, పట్టు తప్పినప్పుడు సరిదిద్దుకోవాల్సింది మనమే, అది ఒప్పుకుంటాను. కానీ ఆ చెడ్డపేరులో సగానికి సగం ఎండిపోయిన టైర్లది, చచ్చిపోయిన బుష్‌లది అని నా అభిప్రాయం. తక్కువ తిరిగే కార్లలో టైరు అరగకముందే గట్టిపడుతుంది. గాడులు నిండుగా కనిపిస్తాయి, పట్టు మాత్రం ఉండదు. టైరు పక్కన నాలుగు అంకెల గుర్తు చూడండి. 2316 అని ఉంటే అది 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. అలాంటి టైరుతో 9000 దాకా తిప్పే కారును నడపడం నావల్ల కాదు.

గేరు మార్చడం ఈ కారులో నాకు అన్నిటికంటే ఇష్టం. లీవరు పొట్టిది, మణికట్టు కదిపితే చాలు. ఇందులోనే ఇంజనును చంపే మార్గం కూడా ఉంది. మూడో గేరులో 8500 దగ్గర ఉండి నాలుగుకు లాగబోయి చేయి ఎడమకు వాలితే రెండో గేరు పడుతుంది. మూడు, రెండు గేర్ల నిష్పత్తులు 1.481, 2.045; అంటే క్లచ్ వదలగానే చక్రాలు ఇంజనును దాదాపు 11,700కు లాక్కెళతాయి. ఇంధనం ఆపే లిమిటర్ ఇక్కడ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఇంజనును తిప్పుతున్నది పెట్రోలు కాదు. వాల్వ్ స్ప్రింగులను పట్టి ఉంచే రిటైనర్లు అప్పుడు పగుళ్లివ్వవచ్చు, ఆ పగులు ఎన్నో నెలల తర్వాత బయటపడవచ్చు. వాల్వ్ సందు చూసేటప్పుడు టార్చి వేసి రిటైనర్లను కూడా ఒక్కొక్కటీ చూడటం అందుకే. ఈ ఇంజనులో సిలిండర్ గోడలు మామూలు పోత ఇనుప లైనర్లు కావు, ఫైబర్ కలిపిన లోహంతో చేసినవి. గీతలు పడితే బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేసే పాత వైద్యం అంత సులభంగా కుదరదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పవర్ స్టీరింగ్ విద్యుత్తుతో పనిచేస్తుంది, కాబట్టి కారే గొట్టాలు లేవు. రేడియేటర్ పై ప్లాస్టిక్ తొట్టి గోధుమ రంగుకు తిరిగితే పగిలేదాకా ఆగవద్దు. పైకప్పు నీళ్లు దిగిపోయే రంధ్రాలు వెనక మూలల్లో ఉంటాయి. ఆకులు, దుమ్ము చేరి మూసుకుపోతే నీళ్లు సీట్ల వెనక చేరతాయి. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హామీ 155కు పడిపోతుంది. కారు కదలకుండా ఉన్నా ఆ తేమ చేరుతూనే ఉంటుంది కనుక, తిరిగిన దూరం చూడకుండా రెండేళ్లకోసారి మార్చేస్తాను.

ఇంట్లో పనిచేయాలంటే ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. మంచి టార్క్ రెంచ్, సాకెట్ సెట్టు, సర్వీసు మాన్యువల్, బలమైన జాక్ స్టాండ్లు నాలుగు. జాకీ కారును లేపడానికే, మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టాక కారును చేతులతో గట్టిగా ఊపి చూడకుండా కిందికి దూరను. ఇవన్నీ కాక ఇంకొకటి కావాలి: వేరే వాహనం. పని మధ్యలో ఒక బోల్టు విరిగితే ఈ కారు వారాల తరబడి స్టాండ్ల మీదే ఉంటుంది. ఇంట్లో వాళ్ల ఓపికను కూడా విడిభాగాల జాబితాలో చేర్చుకోవాలి, అదీ అంత సులభంగా దొరకదు. విడిభాగాల మాటకొస్తే, తయారీ ఆగిపోయే వస్తువులు ఏటా పెరుగుతున్నాయి. రబ్బరు సీళ్లు, లోపలి ప్లాస్టిక్ ముక్కలు కనిపించినప్పుడే కొని పెట్టుకుంటున్నాను.

దీన్ని మళ్లీ కొంటావా అంటే, కొంటాను. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుగా మాత్రం కాదు. దూర ప్రయాణంలో చెవులు హోరెత్తుతాయి, సామాను పెట్టడానికి చోటు లేదు, పొడుగువారికి మోకాళ్లు ఇరుక్కుంటాయి. చేతికి మసి అంటితే చిరాకుపడేవారు దీని జోలికి పోవద్దు. నెలకు కొన్ని గంటలు దీని కింద గడపడం శిక్షలా అనిపించనివారికి ఇంతకంటే సరళంగా, నిజాయితీగా తయారైన వేగపు కారు నాకు తెలియదు.

కొనబోయేవారు మెరిసే రంగు చూసి మోసపోవద్దు. పైన పటారం లోన లొటారం కార్లు వీటిలో చాలానే ఉన్నాయి. నాలుగు సిలిండర్లకూ లీక్‌డౌన్ పరీక్ష (గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసేది) చేయించండి. టైర్ల తేదీలు చదవండి. పైకప్పు వెనక మూలల్లో చేయి పెట్టి తడి ఉందేమో చూడండి. తర్వాత కారును లిఫ్టు మీదికి ఎక్కించి, అమ్మేవారి ఎదుటే వెనక అడ్జస్ట్‌మెంట్ బోల్టులు తిరుగుతున్నాయో లేదో చూడమని మెకానిక్‌కు చెప్పండి. తిరిగితే బేరం మొదలుపెట్టవచ్చు. తిరగకపోతే కొత్త ఆర్మ్‌ల ఖరీదు అడిగి తెలుసుకుని, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి.